ఫైనల్ డెస్టినేషన్ ఆరో భాగం: 14 ఏళ్ల తర్వాత వచ్చి సూత్రాన్ని నిజంగా మార్చిందా, మనకే అలా అనిపించిందా?

కిటికీ_సీటు (ప్రశ్న)

ముందే చెప్తున్నా, కథలన్నీ విప్పి మాట్లాడుకుంటాం. చూడనివాళ్లు ఇక్కడే ఆగండి.

2011లో ఐదో భాగం వచ్చాక ఈ హారర్ సిరీస్ కథ ముగిసినట్టే అనుకున్నారంతా. ఆ ముగింపు అలాంటిది మరి. జంట ఎక్కిన విమానం మొదటి భాగంలో పేలిపోయిన ఫ్లైట్ 180 అని తేలుతుంది, చక్రం తిరిగి మొదటికొస్తుంది. మళ్లీ 2025 మేలో ఆరో భాగం ‘బ్లడ్‌లైన్స్’ దిగింది. ప్రపంచవ్యాప్త వసూళ్లు 30 కోట్ల డాలర్లు దాటాయి. అంతకుముందు ఈ సిరీస్‌లో ఏ భాగమూ 20 కోట్లు అందుకోలేదు.

పైకి చూస్తే ఏమీ మారలేదు. మొదట ఘోర ప్రమాదం, అది జరగబోయేదాని దర్శనమని తెలియడం, తప్పించుకున్నవాళ్లు వరసపెట్టి పోవడం, మధ్యలో మృత్యువు నియమాలు తెలిసిన బ్లడ్‌వర్త్ పాత్రలో టోనీ టాడ్ గంభీరంగా నాలుగు మాటలు చెప్పడం, గండం గడిచింది అనుకోగానే ఆఖరి దెబ్బ. అన్నీ పాతవే. అయినా నాలుగో భాగం చూసినప్పటి విసుగు దీనికి రాలేదు చాలామందికి.

తేడా ఎక్కడుంది? కథనంలోనా, సీన్లు కట్టిన తీరులోనా, లేక ఇన్నేళ్లు దూరంగా ఉన్నాం కాబట్టి పాత రుచి మళ్లీ బాగుందా? ‘సూపర్’, ‘సోది’ అని తేల్చేయకుండా, విప్పి చెప్పగలిగినవాళ్లు చెప్పండి.

స్క్రీన్‌ప్లే_సుత్తి

మారింది ఒక్కటేనండీ. కానీ అది మారింది పునాదిలో.

మొదటి ఐదు భాగాల్లో దర్శనం వచ్చినవాడు తనని, తన చుట్టూ ఉన్న కొద్దిమందిని మాత్రమే తప్పిస్తాడు. ప్రమాదం మాత్రం జరిగి తీరుతుంది. విమానం పేలుతుంది, హైవే మీద బండ్లు గుద్దుకుంటాయి, వంతెన కూలుతుంది. ‘బ్లడ్‌లైన్స్’లో దర్శనం వచ్చిన ఐరిస్ అనే అమ్మాయి ప్రమాదాన్నే ఆపేస్తుంది. 1960ల చివర్లో, ఆకాశంలో నిలబెట్టిన స్కైవ్యూ హోటల్ ప్రారంభం రోజు, అక్కడున్న వాళ్లంతా బతికిపోతారు. అంతమందిని వరసగా లాక్కుపోవడానికి మృత్యువుకి దశాబ్దాలు పట్టింది. ఆ లోపు వాళ్లకి పెళ్లిళ్లయ్యాయి, పిల్లలు పుట్టారు. పుట్టకూడని ఆ పిల్లలు కూడా ఖాతాలోకి ఎక్కారు.

దీనివల్ల రచయితలకి మూడు లాభాలు కలిగాయి.

ఒకటి, చచ్చేవాళ్లు ఒకరికొకరు తెలుసు. పాత భాగాల్లో మొదటి సగమంతా ఒకటే తంతు: హీరో అపరిచితుల ఇళ్లకి పోయి ‘తర్వాత నువ్వే’ అనడం, వాళ్లు పిచ్చోడిలా చూడడం. ఇక్కడ ఐరిస్ మనవరాలు స్టెఫనీ చెప్పాల్సింది మేనమామ ఇంట్లో. నమ్మకపోతే ‘పిచ్చి’ అనరు, ‘మీ అమ్మమ్మ పిచ్చే నీకూ పట్టింది’ అంటారు. అది ఇంకా లోతుగా గుచ్చుకుంటుంది. పైగా ఈ కుటుంబం ఐరిస్‌ని వెలివేసి ఏళ్లయింది, ఆ అపరాధభావం ఒకటి.

రెండు, వరస. పాత భాగాల్లో ఎవరి తర్వాత ఎవరో తెలియాలంటే సీట్ల పటాలు, ప్రమాదంలో ఎవరెప్పుడు పోయారన్న లెక్కలు కావాలి. ఇక్కడ వంశవృక్షం చాలు. ఐరిస్ పెద్ద కొడుకు హోవార్డ్, ఆ తర్వాత అతని పిల్లలు వయసు ప్రకారం, వాళ్లయ్యాక చెల్లెలు డార్లీన్ శాఖ. ప్రేక్షకుడు వేళ్ల మీద లెక్కపెట్టుకోగలడు. లెక్క చేతిలో ఉన్నప్పుడే కదా, తప్పించి కొడితే దెబ్బ తగిలేది.

మూడోదే నాకు అన్నిటికంటే నచ్చింది. టాటూ షాపులో హోవార్డ్ పెద్ద కొడుకు ఎరిక్ సీను. గొలుసు, ఫ్యాన్, ముక్కుపోగు, నిప్పు అన్నీ కలిసొస్తాయి, అయినా బతుకుతాడు. ‘సూత్రం తప్పింది’ అనుకుంటాం. కాసేపటికి వాళ్లమ్మ నోటి నుంచి నిజం బయటికొస్తుంది: ఎరిక్ హోవార్డ్ కొడుకు కాదు. రక్తసంబంధం లేదు కాబట్టి లిస్టులో లేడు. ఇదే రహస్యాన్ని మన సీరియళ్లలో అయితే ఆర్నెల్లు సాగదీస్తారు. వీళ్లు రెండు నిమిషాల్లో తేల్చి, దానితోనే నియమాన్ని రుజువు చేశారు. నవ్వొస్తుంది, నియమం ఇంకా బిగుసుకుంటుంది.

పాత భాగాలతో పోల్చి చూడండి. రెండోది కొత్త ప్రాణం పుడితే గొలుసు తెగుతుందని ఒక కిటికీ తెరిచింది. మూడోది ఫోటోల్లో ఆనవాళ్లు పెట్టింది. ఐదోది ఇంకొకరిని చంపితే వాళ్లకి మిగిలిన ఆయుష్షు మనకొస్తుందని అంది. ఈ మూడూ పైన అతికించిన అదనపు నియమాలు. ఆరోది కొత్త నియమం పెట్టలేదు. ‘దర్శనం పూర్తిగా ఫలిస్తే ఏమవుతుంది?’ అని ఉన్న నియమాన్నే చివరిదాకా లాగింది. నా దృష్టిలో ఆలస్యంగా వచ్చే సీక్వెల్‌కి దారి అదే.

లోపం కూడా చెప్పాలి. ఐరిస్ ఇచ్చే ఆ లావుపాటి పుస్తకం. దశాబ్దాల పరిశోధన ఒకేచోట దొరికేసరికి స్టెఫనీకి కనిపెట్టాల్సింది పెద్దగా మిగల్లేదు. కథానాయిక సగం సినిమా పేజీలు తిప్పుతుంది.

రెండో_రీలు

సుత్తిగారు కథ సంగతి చెప్పారు. నేను సీన్ల కట్టుబడి గురించి రాస్తా, ఎందుకంటే ఈ సిరీస్ నిలబడేది, పడేది అక్కడే. హంతకుడు కనపడడు. ముసుగు లేదు, కత్తి లేదు. కాబట్టి వస్తువులే నటించాలి.

మంచి సీను ఎలా కడతారో చూడాలంటే ఐదో భాగంలో జిమ్నాస్టిక్స్ సీను ముక్కలు ముక్కలుగా చూడండి. ఒక స్క్రూ ఊడి బ్యాలెన్స్ బీమ్ మీద మొన పైకి పెట్టి పడుతుంది. నేల మీద నీళ్లు, దగ్గర్లో తెగిన కరెంటు తీగ. ఫ్యాను. చేతులకి రాసుకునే తెల్ల పొడి. క్యాండిస్ అనే జిమ్నాస్ట్ పాదం స్క్రూకి వెంట్రుకవాసిలో తప్పుతుంటే మన కాలి వేళ్లు ముడుచుకుంటాయి. ఆమె దాన్ని తొక్కదు, బార్ల మీదికి వెళ్లిపోతుంది. స్క్రూ తొక్కేది ఇంకో అమ్మాయి. ఆమె పడుతూ పొడి గిన్నెని తన్నేస్తుంది, ఫ్యాను ఆ పొడిని క్యాండిస్ కళ్లలో కొడుతుంది, పట్టు తప్పుతుంది, అంతే.

ఇందులో వస్తువులు మూడు రకాలు. మభ్యపెట్టేవి: నీళ్లు, తీగ. మనం భయపడేది వీటికే, కానీ ఇవి అసలు పని చేయవు. కలిపేవి: స్క్రూ, పొడి, ఫ్యాను. చంపేది: ఎత్తు. అది మొదటి నుంచీ కళ్లెదురుగా ఉంది, ఎవరూ దాన్ని ఆయుధంగా లెక్కపెట్టలేదు. మనం ‘చంపేది’ అనుకున్న స్క్రూ చివరికి ‘కలిపేది’ అవుతుంది. ఆ ఒక్క మార్పిడే సీనంతా.

ఇలాంటివి రాసేవాళ్లకి, ఎడిట్ చేసేవాళ్లకి కొన్ని మాటలు. దగ్గరి షాట్లు మొదలుపెట్టకముందే గది మొత్తం ఒక వైడ్ షాట్‌లో చూపించాలి, ఏది ఎక్కడుందో తెలియకపోతే ఉత్కంఠ పుట్టదు, గందరగోళం పుడుతుంది. ఒక్కో వస్తువుకి సెకనో, సెకనున్నరో చాలు. ప్రతిదాన్నీ కనీసం రెండుసార్లు చూపించాలి, రెండోసారి దాని స్థితి కొంచెం మారాలి (స్క్రూ ఇంకో మర తిరిగింది, నీరు ఇంకో జానెడు పాకింది). ఐదారు వస్తువులు మించితే చూసేవాడు లెక్క వదిలేస్తాడు. దెబ్బకి ముందు సంగీతం ఆపేయండి. నేపథ్య సంగీతం హెచ్చరిస్తే ఒళ్లు ముందే బిగబట్టుకుంటుంది. అన్నిటికంటే ముఖ్యం, చంపే వస్తువు ముందే కనిపించి ఉండాలి. కనపడనిది ఊడిపడి చంపితే అది మోసం.

ఇప్పుడు అసలు చిక్కు. ఆరో భాగానికి వచ్చేసరికి ఈ లెక్కంతా ప్రేక్షకుడికీ తెలుసు. ఫ్యాను చూపిస్తే ‘ఫ్యాను కాదులే’ అంటాడు. ‘బ్లడ్‌లైన్స్’ దీనికి పెట్టిన మందు హోవార్డ్ ఇంటి విందు సీను. ఐస్‌లో గాజు పెంకు, ట్రాంపోలిన్ కింద పళ్లు పైకి ఉన్న దంతె, ఉబ్బిపోతున్న నీళ్ల పైపు, ఇన్ని ఎరలు కావాలనే ఎక్కువ వేశారు. ‘నీకు తెలుసని మాకు తెలుసు’ అన్నట్టు. చివరికి గడ్డి కోసే మిషను పని ముగిస్తుంది. ఆ తర్వాత స్టెఫనీ వీధిలో నిలబడి ఏది ఎలా చంపగలదో ప్రేక్షకుడిలాగే లెక్కలు కడుతుంది, ఆమె లెక్కలో లేని ఒక బంతి హోవార్డ్ కూతురు జూలియాని చెత్తబండికి అప్పగిస్తుంది. మన తెలివిని పాత్రకిచ్చి, పాత్రతో పాటు మనల్నీ ఓడించడం. నాలుగో భాగానికి ఇది చేతకాలేదు. అక్కడ 3డీ కోసం వస్తువులన్నీ తెర నుంచి మన మీదికి ఎగిరొస్తాయి. వస్తువు మన వైపు వస్తే పాత్ర వైపు ఎవరు చూస్తారు?

అన్నట్టు, దర్శకులు జాక్ లిపోవ్‌స్కీ, ఆడమ్ స్టైన్ ఈ అవకాశం ఎలా పట్టారో తెలిసే ఉంటుంది. స్టూడియోవాళ్లతో జూమ్ మీటింగులో వెనక పొయ్యిలో మంట అంటుకున్నట్టు, దాన్ని ఆర్పాక సీలింగ్ ఫ్యాను ఊడి ఒకరి తల తెగినట్టు ముందే తయారుచేసుకున్న బొమ్మ చూపించారు. ఎర, ఊరట, దెబ్బ. పైన నేను పేరాలు పేరాలు రాసినదాన్ని వాళ్లు ఒక్క వీడియో కాల్‌లో చేసి చూపించారు.

పాత_క్యాసెట్

రెండో రీలు గారూ, 3డీ మీద నేరం మోపడం న్యాయం కాదు. మీరు మెచ్చుకున్న ఐదో భాగం కూడా 3డీయే. నాలుగో భాగాన్ని తీసిన డేవిడ్ ఆర్. ఎల్లిసే రెండో భాగమూ తీశాడు, హైవే ప్రమాదం ఆయనదే. అంటే పనితనం లేక కాదు. నాలుగులో ఖాళీ ఎక్కడంటే టోనీ టాడ్ లేకపోవడంలో. మూడో భాగంలో కనీసం గొంతు ఉంది. నాలుగులో అదీ లేదు. నియమం చెప్పేవాడు లేడు, వాదించేవాడు లేడు, మిగిలింది చావుల పట్టీ.

అందుకే ఆరో భాగంలో ఆయన సీను సినిమా మొత్తానికీ బరువు. హోటల్లో ఐరిస్ కాపాడిన చిన్న కుర్రాడే బ్లడ్‌వర్త్ అని తేల్చారు. 2000 నుంచీ ఇతనికి ఇవన్నీ ఎలా తెలుసు అన్న ప్రశ్నకి జవాబు దొరికింది. ఇది పాత కథని చెరపలేదు, ఖాళీగా ఉన్న గదిలో దీపం పెట్టింది. అప్పటికే టోనీ టాడ్ ఆరోగ్యం బాగోలేదు, 2024 నవంబరులో కన్నుమూశాడు. ఆ చివరి మాటలు స్క్రిప్టులోవి కావు, ప్రేక్షకులకి నీ మనసులో ఉన్నది చెప్పమని దర్శకులు వదిలేస్తే ఆయన చెప్పుకున్నవి.

కానీ అసలు ప్రశ్నకి నా జవాబు కొంచెం చేదు. ఆలస్యంగా వచ్చినవి సూత్రాన్ని ఒక్కసారి కొత్తగా చేయగలవు. రెండోసారి చేయలేవు. ‘హాలోవీన్’ హారర్ సిరీస్ చూడండి.

1978 నాటిది మూడు లక్షల పైచిలుకు డాలర్లతో తీసిన సినిమా. ముసుగు హంతకుడు మైకేల్ మయర్స్ ఎందుకు చంపుతాడో తెలియదు, భయమంతా అందులోనే ఉంది. 1981లో రెండో భాగం, హీరోయిన్ లారీ అతని చెల్లెలు అని చెప్పి ఆ భయానికి కారణం అంటగట్టింది. 1998లో 20 ఏళ్ల తర్వాతి సీక్వెల్ నాలుగు, ఐదు, ఆరు భాగాలను పక్కన పెట్టి, పేరు మార్చుకుని దాక్కున్న లారీని చూపించింది. చివర్లో ఆమె అతని తల నరుకుతుంది. శుభ్రమైన ముగింపు. 2002లో ఇంకో భాగం కావాల్సొచ్చి, తల తెగింది మయర్స్‌ది కాదు, ముసుగు తొడిగిన అంబులెన్సు ఉద్యోగిది అన్నారు. అంతకంటే పాడుపని ఇంకోటి ఉండదు.

2018లో డేవిడ్ గోర్డన్ గ్రీన్ మొదటి సినిమా తప్ప అన్నీ చెరిపేశాడు. చెల్లెలి బంధం పోయింది, కారణం పోయింది, భయం తిరిగొచ్చింది. 40 ఏళ్లుగా ఒక రాత్రి కోసమే బతికిన లారీ, దానివల్ల పాడైన కూతురి బాల్యం: ఆలస్యాన్నే కథ చేశారు. కోటి డాలర్ల ఖర్చుకి 25 కోట్లు పైగా వచ్చాయి. వెంటనే 2021లో రెండోది: అదే రాత్రి, లారీ ఆస్పత్రి మంచం మీద. 1981లో ఆమెని పడుకోబెట్టింది ఎక్కడ? ఆస్పత్రిలోనే! చెరిపేసిన సినిమాలోకే తిరిగి నడిచారు. 2022లో మూడోది నిజంగా సూత్రం మార్చింది, మయర్స్‌ని పక్కకి నెట్టి కోరీ అనే కుర్రాడి మీద నడిపింది. అదేమో అభిమానులు చాలామంది తిట్టారు.

కాబట్టి ‘బ్లడ్‌లైన్స్’ గెలిచింది సరే. ఏడోది తీస్తే ఏ తాత ముత్తాతల దగ్గరికి వెళ్తారో చూడాలి.

మూడు_టెస్లాలు

సూత్రం సంగతి మీరు తేల్చండి, నేను ఎమ్మారై సీను దగ్గర ఆగిపోయాను. సినిమాలో మిషన్ శక్తి పెరిగాక చక్రాల కుర్చీ, ఎరిక్ ఒంటి మీది పోగులు లాక్కుంటాయి. ఆస్పత్రుల్లో ఎక్కువగా ఉండే సూపర్ కండక్టింగ్ (ద్రవ హీలియంతో అతిగా చల్లబరిచిన అయస్కాంతం ఉన్న) ఎమ్మారైకి అయస్కాంతం ఆన్ చేయడం అంటూ ఉండదు. రోగి ఉన్నా లేకున్నా, రాత్రయినా పగలైనా ఆన్‌లోనే ఉంటుంది. స్కాన్ మొదలైతే మనకి కొత్తగా తెలిసేది చప్పుడు మాత్రమే, అది లోపలుండే గ్రేడియంట్ కాయిల్స్ అనే తీగచుట్టలది. మామూలు స్టీలు కుర్చీని తలుపు దాటించి మిషన్ దగ్గరికి తేగానే లాగేస్తుంది. ఒంటి పోగులు టైటానియంవి అయితే అంత లాగుడు ఉండదు కూడా. ఇక నిజంగా అయస్కాంతాన్ని అప్పటికప్పుడు ఆపాలంటే ద్రవ హీలియం ఆవిరై పోయేలా క్వెంచ్ చేయాలి, అది ఇంకో ప్రమాదం.

నిజానికి వీళ్లు అసలు సంగతి వాడుకుని ఉంటే సీను ఇంకా భయంకరంగా ఉండేది. ‘ఆపి ఉంది కదా’ అనుకుని లోపలికి వెళ్లడమే నిజ జీవితంలో జరిగే తప్పు. ఎర కోసం వెతుక్కోవాల్సిన పని లేదు.

కిటికీ_సీటు

టెస్లా గారి చివరి మాట రెండో రీలు గారు చెప్పినదానికి సరిగ్గా అతుకుతోంది: చంపేది మొదటి నుంచీ కళ్లెదురుగా ఉన్నదే.

ఇంకో అనుమానం. వీళ్లంతా కథలో మార్పు గురించే చెప్తున్నారు. తీసే పద్ధతి మారితే సూత్రం కొత్తగా అవదా? మనుషుల్ని ఉన్మాదులుగా మార్చే వైరస్ కథల సిరీస్‌లో ‘28 ఇయర్స్ లేటర్’ ఐఫోన్‌తో తీశారు కదా. అలాగే మన దగ్గర ఈ ఆలస్యపు సీక్వెళ్లు ఎందుకు తేలిపోతున్నాయో కూడా చెప్పండి.

స్క్రీన్‌ప్లే_సుత్తి

కెమెరా ఒక్కటే అయితే మారదు. 2002లో డానీ బాయిల్ ఆ సిరీస్‌లో మొదటిది, ‘28 డేస్ లేటర్’, కెనాన్ ఎక్స్‌ఎల్1 అనే డిజిటల్ క్యామ్‌కార్డర్‌తో తీశాడు. తెల్లవారుజామున లండన్ వీధులు ఖాళీగా దొరికేది కాసేపే, చిన్న కెమెరాలైతే చాలాచోట్ల ఒకేసారి చకచకా పెట్టొచ్చు. ఆ గరుకు బొమ్మ ఇంట్లో తీసిన వీడియోలా ఉండి భయపెట్టింది. 2025లో ఐఫోన్ 15 ప్రో మ్యాక్స్‌కి లెన్సులు తగిలించి, పక్కపక్కన వరసగా చాలా ఫోన్లు బిగించిన చట్రాలతో తీశారు. పైగా 2.76:1 వెడల్పు. అంత వెడల్పులో మనిషి ఒక మూల ఉంటే మిగతా ఫ్రేమంతా ఖాళీ, కళ్లు ఆ ఖాళీని గాలిస్తూనే ఉంటాయి. పరికరం చవకది, ఫ్రేమ్ భారీది: ఆ పొసగనితనం పని చేసింది.

అయినా అసలు కొత్తదనం స్పైక్‌ది. పన్నెండేళ్ల పిల్లాడు, వ్యాధి లేని లోకం చూడలేదు. మొదటి భాగంలో జిమ్ నిద్ర లేచి పోయిన లోకాన్ని చూసి గుండె పగిలాడు. స్పైక్‌కి పోయిందంటూ ఏమీ లేదు. స్వీడన్ సైనికుడు ఫోన్ చూపిస్తే అదేమిటో తెలియదు. 28 ఏళ్ల దూరం ఆ పిల్లాడి ముఖంలో కనిపిస్తుంది.

గడప_దాటని_దెయ్యం

మన సంగతి నేను చెప్తా. దగ్గరి ఉదాహరణ చంద్రముఖి. మూలం 1993 మలయాళ ‘మణిచిత్రతాళు’, దాని మీద 2004లో కన్నడ ‘ఆప్తమిత్ర’, 2005లో రజనీకాంత్ ‘చంద్రముఖి’. అన్నిటికీ ఆయువుపట్టు ఒక్కటే: దెయ్యం లేదు. పాత బంగళాలో మూసిన గదిలోని నర్తకి కథని ఒక అమ్మాయి మనసు తన మీద వేసుకుంది, డాక్టరు నాటకమాడి దాన్ని వదిలించాడు. సినిమా అంతా దెయ్యమని నమ్మించి చివర్లో ‘కాదు’ అనడమే ఆ సూత్రం.

2010లో వెంకటేశ్ ‘నాగవల్లి’లో ఆ నర్తకి కథలోని రాజు వందేళ్లు దాటి ఇంకా బతికే ఉన్నాడన్నారు. సరే, తమాషాగా ఉందనుకుందాం. 18 ఏళ్ల తర్వాత 2023లో వచ్చిన ‘చంద్రముఖి 2’కి వచ్చేసరికి ఆత్మ నిజమైపోయింది. ఇక డాక్టరు ఎందుకు, నాటకం ఎందుకు? బంగళా, తలుపు, పాట, నాట్యం అన్నీ ఉన్నాయి, ఆ ‘కాదు’ అన్నది లేదు. సుత్తిగారి మాటల్లో చెప్పాలంటే సామాను తెచ్చుకుని నియమం ఇంట్లో మర్చిపోయారు.

ఎవరైనా మళ్లీ తీస్తే ఒకటే చూడాలని ఉంది: ఆ డాక్టరు కుదిర్చిన అమ్మాయి పద్దెనిమిదేళ్ల తర్వాత ఎలా ఉంటుంది? జబ్బు తిరగబెట్టే భయంతో బతికే ఇల్లు ఎలా ఉంటుంది? ఇంట్లో గజ్జెల చప్పుడైతే మొగుడు ముందు దెయ్యాన్ని అనుమానిస్తాడా, పెళ్లాన్నా? దానికి బంగళా కూడా అక్కర్లేదు, మూడు గదుల ఫ్లాటు చాలు.

కిటికీ_సీటు

ఆ ఫ్లాటు సినిమాకి టికెట్ నాది ఒకటి రాసుకోండి.

చివరిగా చిన్న సందేహం. ‘బ్లడ్‌లైన్స్’ ఆఖర్న రైలు పట్టాలు తప్పి, దుంగలు దొర్లుకొచ్చి అక్కాతమ్ముళ్లని నలిపేస్తాయి. రెండో భాగం దుంగల లారీకి దండం పెట్టినట్టే కదా. 2003లో ఆ దుంగలు నిజమైనవేనా?

రెండో_రీలు

ఎగిరేవి కావు. నిజం దుంగల్ని లారీ మీంచి దొర్లించి చూశారు. అంత బరువుకి రోడ్డు మీద పడి ఒక అంగుళం మాత్రమే లేచాయట. అద్దం పగలగొట్టుకుని పోలీసు కారులోకి దూరాలంటే ఆ అంగుళం చాలదు కదా, అందుకే కంప్యూటర్లో చేశారు. ఇప్పటికీ జనం హైవే మీద దుంగల లారీ కనపడితే లేను మారుస్తున్నారంటే, దానికి కారణం భౌతికశాస్త్రం ఒప్పుకోని ఆ ఎగురుడే.